ఫైర్ స్టేషన్‌కి ఫ్లేమ్, పోలీసులకి షీల్డ్: ఎంతవరకు పనికొస్తాయి?

పోలీసు, ఫైర్, 108 సిబ్బంది కోసమంటూ ఆరోగ్య కార్యక్రమాలు చాలానే వస్తున్నాయి. ఒక ఉదయం యోగా శిబిరం, ఏడాదికోసారి రక్తపరీక్షలు, ఒత్తిడి మీద గంటన్నర ఉపన్యాసం, ఫోన్లో వేసుకోమని ఒక యాప్. జరిగాక ఎవరికి ఎంత మేలైందో కొలిచి చూపించమంటే మాత్రం ఫొటోలు తప్ప చేతికి ఏమీ రాదు. కొలిచి చూపించిన కొద్దిపాటి కార్యక్రమాల్లో రెండిటిని ఇక్కడ పరిశీలిస్తున్నాం. రెండూ అమెరికాలోని ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ వైద్యులు తయారుచేసినవే. ఫైర్ సిబ్బందికి చేసినది ఫ్లేమ్, పోలీసులకు చేసినది షీల్డ్.

ముందుగా ఫ్లేమ్. దీని ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. 599 మంది ఫైర్ సిబ్బందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపులో ఒకే షిఫ్ట్‌లో పనిచేసే టీం మొత్తం కలిసి కూర్చుని పాఠాలు చేసుకుంది. రెండో గుంపులో ఒక్కొక్కరితో కౌన్సెలర్ విడిగా మాట్లాడారు. మూడో గుంపుకి పరీక్షల ఫలితాలు చెప్పడమే తప్ప ఇంకేమీ చేయలేదు. టీం పాఠాలు మొత్తం పదకొండు, ఒక్కోటి 45 నిమిషాలు, డ్యూటీ సమయంలోనే, స్టేషన్‌లోనే. చెప్పేది బయటి నిపుణుడు కాదు, ఆ టీంలోనే ఒకరు. ఆయన చేతిలో ఏ నిమిషానికి ఏం అడగాలో, ఏం చేయించాలో రాసి ఉన్న పుస్తకం ఉంటుంది. మిగతావాళ్ల దగ్గర వర్క్‌బుక్కులు. లక్ష్యాలు నాలుగే: రోజూ వ్యాయామం, రోజుకి ఐదు వంతులకు తగ్గకుండా కూరగాయలు, పండ్లు, మొత్తం కేలరీల్లో కొవ్వు నుంచి వచ్చేది 30 శాతం లోపు, అదుపులో బరువు.

ఏడాది తర్వాత చూస్తే టీం గుంపు, కౌన్సెలర్ గుంపు రెండూ మూడో గుంపుకన్నా కూరగాయలు, పండ్లు ఎక్కువ తిన్నాయి, బరువు తక్కువ పెరిగాయి. టీం గుంపులో అదనంగా వ్యాయామం అలవాటైంది, తోటివాళ్ల మధ్య సఖ్యత పెరిగింది. ఖర్చుపెట్టే అధికారి ఆగి చూడాల్సింది ఇక్కడే. కౌన్సెలర్‌ని పెట్టుకుంటే వచ్చే ఫలితం, పుస్తకం పట్టుకున్న తోటి ఫైర్‌మన్‌తోనూ వచ్చింది. పైగా కౌన్సెలర్ వెళ్లిపోతాడు, ఫైర్‌మన్ అక్కడే ఉంటాడు. తర్వాత 2013లో వచ్చిన ఒక పరిశీలన, ఈ కార్యక్రమం నడిపిన ఒరెగాన్ ఫైర్ విభాగాల్లో గాయాల క్లెయిములు తగ్గాయనీ, పెట్టిన ప్రతి డాలరుకీ నాలుగు డాలర్లకు పైగా ఆదా అయిందనీ లెక్క కట్టింది. అది లాటరీ తీసి గుంపులు చేసిన అధ్యయనం కాదు, పాత రికార్డులను పోల్చినది. కాబట్టి ఆ అంకెను బడ్జెట్ ఫైలులో హామీలా రాసుకోవద్దు.

కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు గుంపుల మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది. దీన్ని ముందే తెలుసుకోవాలి. ఏడాది పాఠాలతో జీవితకాలపు మార్పు రాదు, ఏటా కొన్ని పాఠాలు మళ్లీ తిరగేయాలి. ఇంకో పరిమితి కూడా ఉంది. పాల్గొన్నవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. మహిళా సిబ్బందికి ఇది ఎంతవరకు సరిపోతుందో ఆ అంకెల నుంచి తేల్చలేం.

ఫైర్ సిబ్బందికి తిండి, వ్యాయామం మీద ఇంత పట్టు ఎందుకంటే, అమెరికాలో డ్యూటీలో పోయే ఫైర్ సిబ్బందిలో దాదాపు 45 శాతం మంది గుండెజబ్బుతో పోతున్నారు. మంటలార్పే పనిలో గడిచేది ఏడాది సమయంలో ఒకటి నుంచి ఐదు శాతం. గుండెజబ్బు మరణాల్లో 32 శాతం మాత్రం ఆ కాస్త సమయంలోనే జరిగాయని 2007లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చూపించింది. గంటల తరబడి కుర్చీలో కూర్చున్న మనిషి గంట మోగగానే సిలిండరు, సూటు బరువు వేసుకుని వేడిలోకి పరుగెత్తితే, లోపల సగం పూడుకుపోయిన రక్తనాళం తట్టుకోలేదు. దీనికి తోడు ఫైర్ ఉద్యోగాన్నే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి వర్గం (మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేలినవి) క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. ఫ్లేమ్ పాఠాలు గుండెకు పనికొస్తాయి. క్యాన్సర్‌కి చేయాల్సింది వేరు: మంట ఆరాక కూడా మాస్కు తీయకపోవడం, మసి పట్టిన సూటును పడుకునే గదిలోకి తేకపోవడం, మెడ, చేతులు అక్కడికక్కడే తుడుచుకోవడం, స్టేషన్‌కి రాగానే స్నానం. వీటిని పాఠాల్లో మనమే కలుపుకోవాలి.

ఇక షీల్డ్. 408 మంది పోలీసులతో చేశారు. ఇందులో పన్నెండు పాఠాలు, ఒక్కోటి 30 నిమిషాలు, నడిపేది తోటి ఉద్యోగే. ఆరు నెలలకి తిండి అలవాట్లు మెరుగయ్యాయి, నిద్ర పెరిగింది, వ్యక్తిగత ఒత్తిడి తగ్గిందని పాల్గొన్నవాళ్లు చెప్పారు. ఈ అంకెల్లో చాలావరకు ప్రశ్నపత్రాలకు వాళ్లు ఇచ్చిన జవాబులే. ఎవరైనా తన గురించి కొంచెం మెరుగ్గానే రాసుకుంటారు కాబట్టి దీన్ని ఫ్లేమ్‌కన్నా ఒక మెట్టు తక్కువ గట్టి సాక్ష్యంగా చూడాలి. అయినా నిద్రను పాఠాల్లోకి తెచ్చినందుకు షీల్డ్‌ని మెచ్చుకోవాలి. పోలీసు ఆరోగ్యంలో మిగతావన్నీ దాని వెనకాలే నడుస్తాయి.

మన స్టేషన్లలో నడపాలంటే

ఇంగ్లిష్ పుస్తకాన్ని తెలుగు చేసి పంచితే పని జరగదు. సలాడ్లూ ఓట్సూ ఉన్న పాఠం నిజామాబాద్‌లోనూ నెల్లూరులోనూ ఎవరికీ ఎక్కదు. నిర్మాణాన్ని ఉంచుకుని లోపలి సరుకు మార్చాలి.

టీంలో నలుగురి నుంచి ఆరుగురు. ఎనిమిది మంది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. లీడర్‌గా ఎస్సైనో స్టేషన్ ఆఫీసర్నో పెట్టవద్దు. పెద్ద అధికారి ముందు ఎవరూ "నాకు నిద్ర పట్టట్లేదు" అని చెప్పరు. ఆ షిఫ్ట్‌లో అందరూ మాట వినే హెడ్ కానిస్టేబులో లీడింగ్ ఫైర్‌మనో సరైన మనిషి. లీడర్‌తోపాటు రెండో మనిషిని కూడా మొదటిరోజే తయారుచేయాలి. మన దగ్గర ఈ కార్యక్రమాలు ఆగిపోవడానికి పెద్ద కారణం బదిలీ. నాలుగో వారం లీడర్‌కి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తే పుస్తకం బీరువాలోకి పోతుంది.

సమయం ఫైర్ స్టేషన్‌లో సులువు. ఉదయం డ్రిల్లు, వాహనం, పంపు తనిఖీ అయ్యాక 45 నిమిషాలు దొరుకుతాయి, కాల్ వస్తే అక్కడే ఆపి తర్వాత అందుకోవచ్చు. పోలీసు స్టేషన్‌లో ఒకరు కోర్టు డ్యూటీ, ఒకరు సమన్లు, ఇద్దరు పెట్రోలింగ్, మిగతావాళ్లు బందోబస్తు. అందుకే 30 నిమిషాల షీల్డ్ కొలతే ఇక్కడ నయం. రోల్ కాల్‌కి అంటుకునే పెట్టాలి, వేరే రోజు పిలవకూడదు. వీక్లీ ఆఫ్ రోజున పిలిచారంటే ఆ కార్యక్రమం ఆరోజే చచ్చిపోయింది. 108లో ఇంకా కష్టం, బండికి ఈఎంటీ (రోగిని చూసుకునే టెక్నీషియన్), పైలట్ (డ్రైవర్) ఇద్దరే ఉంటారు. షిఫ్ట్ మారే చోట రెండు బళ్ల వాళ్లను కలిపి నలుగురి టీం చేస్తే కుదురుతుంది.

మొదటి పాఠంలో కొలతలు. ఇక్కడ జరిగే తప్పులు చిన్నవే కానీ లెక్కంతా పాడుచేస్తాయి. పరేడ్ అయిన వెంటనే బీపీ చూస్తారు, సగం మందికి ఎక్కువ వస్తుంది, అందరూ కంగారుపడతారు. టీ, సిగరెట్, వ్యాయామం తర్వాత అరగంట ఆగాలి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. 140కి 90 దాటితే ఆ ఒక్కరోజుతో తేల్చకుండా మరో రోజు మళ్లీ చూడాలి. నడుము టేపు బెల్టు దగ్గర పెట్టకూడదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్య, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మనవాళ్లకి మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. బరువుకన్నా ఈ టేపే ఎక్కువ నిజం చెబుతుంది. చూడటానికి సన్నగా ఉండి పొట్ట మాత్రం పెరిగినవాళ్లకి షుగర్ రావడం మన దగ్గర మామూలే.

వచ్చిన కొలతలను నోటీసు బోర్డుమీద పెట్టడం, ఎవరు ఎక్కువ బరువు తగ్గారో పోటీ పెట్టడం రెండూ వద్దు. పోటీ పెడితే చివరి వారం అన్నం మానేసి కాటా ఎక్కుతారు, నెలకల్లా ఆ బరువు తిరిగొస్తుంది. టీం మొత్తానికి కలిపి ఒక లక్ష్యం పెట్టుకుంటే అందరూ ఒకరినొకరు లాక్కెళ్తారు. ఈ వారం టీం అంతా కలిపి 150 కిలోమీటర్లు నడవాలి అన్నట్టు.

తిండి పాఠం బందోబస్తు దగ్గరే మొదలవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకి 400 గ్రాముల కూరగాయలు, పండ్లు, అంటే 80 గ్రాముల చొప్పున ఐదు వంతులు. బందోబస్తుకి వచ్చే పులిహోర పొట్లంలోనో బిర్యానీ పొట్లంలోనో అందులో ఒక్క వంతు కూడా ఉండదు. కాబట్టి సిబ్బందికి ఉపదేశం చేసేముందు పొట్లం మార్చాలి. అన్నం పావు తగ్గించి ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు ఉడికిన శనగలు, ఒక అరటిపండో జామకాయో. జామకాయ నలగదు, ఎండకి పాడవదు, పెట్టెల్లో మోయడానికి హాయి. రెండోది టీ. కప్పుకి రెండు చెంచాల పంచదార అంటే సుమారు ఎనిమిది నుంచి పది గ్రాములు. రాత్రి డ్యూటీలో ఆరు కప్పులు తాగితే యాభై, అరవై గ్రాముల దాకా వెళ్తుంది. మానేయమంటే ఎవరూ మానరు. మొదటి రెండు వారాలు చెంచాన్నర, తర్వాత ఒకటి. స్టేషన్‌కి టీ తెచ్చే అతనికి ఒక్క మాట చెబితే పాఠం అక్కర్లేదు. ఎండలో ట్రాఫిక్ డ్యూటీ చేసేవాళ్లకి ఓఆర్ఎస్ పొట్లాలు ఇస్తారు కానీ గ్లాసులో కలుపుకుని తాగేస్తారు. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే మేలుకి బదులు కీడు. బీపీకి మందులు వాడేవాళ్లు రోజూ తాగేముందు డాక్టర్ని అడగాలి.

వ్యాయామానికి ఫైర్ సిబ్బంది దగ్గర ఒక పనికొచ్చే గురుతు ఉంది. అమెరికా ప్రమాణాల్లో ఫైర్ పనికి ఉండాల్సిన దమ్ము 12 మెట్స్, అంటే కిలో శరీర బరువుకి నిమిషానికి 42 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలగడం. మైదానంలో చూసుకోవాలంటే 2.4 కిలోమీటర్లను సుమారు పన్నెండున్నర నిమిషాల్లో పరుగెత్తగలిగితే ఆ దరిదాపుల్లో ఉన్నట్టు. నలభై దాటినవాళ్లనీ, బీపీ, షుగర్ ఉన్నవాళ్లనీ డాక్టరు చూడకుండా ఈ పరుగులో పెట్టవద్దు. వాళ్లకి మొదటి ఆరు వారాలు మాటలాడుతూ నడవగలిగే వేగంతో అరగంట నడక చాలు.

నిద్ర, నైట్ డ్యూటీ

పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతులు, చూపు పనిచేసే తీరు, రక్తంలో 100 మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో పరిమితి 30 మిల్లీగ్రాములు. అంటే రాత్రంతా డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు చేసి తెల్లారాక బైక్ మీద ఇంటికెళ్లే కానిస్టేబుల్, తాను పట్టుకున్నవాళ్లంత ప్రమాదంలోనే ఉన్నాడు. ఏ ఆరోగ్య కార్యక్రమమైనా మొదట ఈ ప్రయాణాన్ని పట్టించుకోవాలి. నైట్ డ్యూటీ దిగినవాళ్లని దింపడానికి ఒక బండి పెట్టడం, లేదా స్టేషన్‌లో ఫ్యాను, నల్లని కర్టెన్లు ఉన్న గదిలో రెండు మంచాలు వేయడం. పాఠాలకన్నా ఇది ముందు.

పాఠంలో చెప్పాల్సినవి తక్కువే. టీలో ఉండే కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఉదయం ఎనిమిదికి పడుకోవాలంటే రాత్రి రెండు తర్వాత టీ వద్దు. కునుకు తీస్తే ఇరవై నిమిషాలు, లేదా గంటన్నర. మధ్యలో లేస్తే తల మొద్దుబారిపోతుంది. లేచిన వెంటనే బండి నడపకుండా కనీసం పావుగంట ఆగాలి. షిఫ్టులు తిప్పేటప్పుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలో ముందుకి తిప్పాలి, వెనక్కి తిప్పితే శరీరం సర్దుకోలేదు. ఇది రోస్టర్ రాసే రైటర్ చేతిలో ఉన్న పని, రూపాయి ఖర్చు లేనిది.

ఈ రెండు కార్యక్రమాలూ ఆగిపోయేది డ్యూటీ గంటల దగ్గర. కేంద్ర ప్రభుత్వ పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్ అండ్ డీ కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ 2014లో చేసిన దేశవ్యాప్త అధ్యయనంలో పోలీస్ స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నట్టు తేలింది. తమ సిబ్బంది పదకొండు గంటలు, అంతకు మించి డ్యూటీలో ఉంటున్నారని స్టేషన్ హౌస్ ఆఫీసర్లలో 68 శాతానికి పైగా చెప్పారు. దాదాపు నాలుగింట మూడొంతుల మందికి నెలలో ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దక్కడం లేదు. పద్నాలుగు గంటల డ్యూటీ చేసేవాడికి అరగంట నడవమని చెప్పడం అన్యాయం. లెక్క కూడా తేలికైనదే. ఒక్క సెంట్రీ పోస్టు వారమంతా పగలూ రాత్రీ నడవాలంటే 168 గంటలు. ఒక మనిషి ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 48. అంటే మూడున్నర మంది. సెలవులు, శిక్షణ కలిపితే నలుగురికి తగ్గరు. ఆ నలుగురూ లేని చోట ఏ పాఠమూ నిలబడదు. ముంబయిలో ఒక కానిస్టేబుల్ ఇచ్చిన ప్రతిపాదనతో 2016లో దేవనార్ స్టేషన్‌లో ఎనిమిది గంటల షిఫ్ట్ ప్రయత్నించి, తర్వాత నగరంలోని మిగతా స్టేషన్లకి విస్తరించారు. ఆ దారిలో ఆలోచించే యూనిట్‌లో ఫ్లేమ్‌కి, షీల్డ్‌కి నిజమైన విలువ వస్తుంది.

చూడరానివి చూసిన తర్వాత

రెండు కార్యక్రమాల్లోనూ లేనిది ఇది. రోడ్డు ప్రమాదంలో పిల్లల శవాలు ఎత్తినవాళ్లకి, తోటి ఉద్యోగిని పోగొట్టుకున్నవాళ్లకి ఏం చేయాలి? చాలా సంస్థలు అమ్మేది డీబ్రీఫింగ్. అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ మిచెల్ 1983లో రాసిన మెట్లవారీ పద్ధతి: ఘటన జరిగిన కొద్దిరోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి ఏం జరిగింది, ఏమనిపించింది అని వరసగా చెప్పించడం. ఒక్క విడతలో చేసే డీబ్రీఫింగ్ వల్ల తర్వాతి మానసిక గాయాన్ని ఆపలేకపోయారని 2002లో, అప్పటివరకు జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష తేల్చింది, కొందరికి ఇంకా ఎక్కువైంది కూడా. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు దీన్ని వాడవద్దన్నాయి. ఆ సమీక్షలోని పరీక్షలు ఎక్కువగా ఒక్కొక్క రోగి మీద చేసినవి, మిచెల్ ఉద్దేశించినది టీం కోసం. ఆ తేడాని ఒప్పుకుంటూనే, తప్పనిసరి చేసి అందరితో చెప్పించే పద్ధతిని కొనవద్దనే మా సలహా.

బదులుగా చేయాల్సింది సాదాసీదాగా ఉంటుంది. ఆరోజు నీళ్లు, తిండి, ఇంటికి ఫోన్, మర్నాడు సెలవు. మాట్లాడాలనుకున్నవాళ్ల దగ్గర కూర్చోవడం, వద్దన్నవాళ్లని వదిలేయడం. నాలుగు వారాలు కంట కనిపెట్టుకుని ఉండటం. నెల దాటినా పీడకలలు, ఆ దారిన వెళ్లలేకపోవడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, కొత్తగా తాగుడు పెరగడం కనిపిస్తే మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. దానికి తగిన చికిత్సలున్నాయి, పనిచేస్తాయి. డిపార్ట్‌మెంట్‌కి తెలియకుండా మాట్లాడాలనుకునేవాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. నంబరు 14416, పగలూ రాత్రీ, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైంది, అవసరమైతే కౌన్సెలర్ నుంచి మానసిక వైద్యుల వరకు పంపుతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్లు, అలాంటి మనిషి పక్కన ఉన్నవాళ్లు ఇదే నంబరుకి వెంటనే చేయాలి. ఆ గంటల్లో ఆయుధాన్ని మనిషికి దూరంగా పెట్టాలి. అది శిక్షలా ఉండకూడదు, "కొద్దిరోజులు నా దగ్గర పెట్టుకుంటాను తమ్ముడూ" అన్నట్టు ఉండాలి.

ఎవరైనా నోరు విప్పాలంటే రాత్రికి రాత్రి సంగతి ఏసీఆర్‌లోకి (పై అధికారి ఏటా రాసే రహస్య నివేదిక) ఎక్కదన్న నమ్మకం కావాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షన్ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇస్తుంది. అందుకే యాప్‌నో కౌన్సెలింగ్‌నో కొనేముందు కంపెనీని రాతపూర్వకంగా అడగాల్సినవి రెండున్నాయి: పేర్లతో ఉన్న వివరాలు ఎవరి సర్వర్‌లో ఉంటాయి, అధికారికి వెళ్లే నివేదికలో ఎంతమంది కన్నా చిన్న గుంపు లెక్కలు ఇవ్వరు? ఆరుగురున్న ఫైర్ స్టేషన్‌కి "ఒకరికి తీవ్ర డిప్రెషన్" అని నివేదిక పంపితే ఆ ఒక్కరు ఎవరో సాయంత్రంలోగా అందరికీ తెలుస్తుంది. యాభై మందికి తక్కువైన యూనిట్‌కి విడి లెక్కలు ఇవ్వకూడదని ఒప్పందంలో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే సంతకం పెట్టకండి.